మనుషులకు 'దట్' వాడటం తప్పు కాదు, అసలు తప్పు ఇంకోచోట ఉంది

సంపాదకులకు,

నమస్కారం. గత వారం మీ పత్రిక విద్యా పేజీలో, రోజువారీ ఇంగ్లిష్‌లో మనుషుల గురించి చెప్పేటప్పుడు రిలేటివ్ క్లాజ్‌ను, అంటే ఏ మనిషో గుర్తుపట్టించే ఉపవాక్యాన్ని, ఎలా కట్టాలో వివరిస్తూ ఒక పాఠం, దాని కింద పది ఖాళీల అభ్యాసం ప్రచురించారు. మనుషులకు 'హూ' మాత్రమే వాడాలని, 'దట్' వస్తువులకూ జంతువులకూ పరిమితమని అందులో మొదటి సూత్రం. కర్మ స్థానంలో ఉన్న మనిషికి 'హూమ్' తప్ప మరొకటి పనికిరాదన్నది రెండోది. మాట్లాడేటప్పుడు మాత్రం ఈ పదాలను వదిలేయవచ్చునన్నది మూడోది. మొదటి రెండు సూత్రాలూ ఇంగ్లిష్ మాట్లాడేవారి అలవాటుకు దూరంగా ఉన్నాయి. మూడోది సగం నిజం. ఆ మిగిలిన సగం చెప్పకపోవడం వల్ల మా ఇంట్లోనే ఒక చిక్కు వచ్చిపడింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంగ్లిష్ బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కావడం వల్ల కొంచెం చాదస్తం ఉంటే మన్నించాలి.

పదో తరగతి చదువుతున్న మా మనవరాలు 'నిన్న వచ్చినాయన మా మామయ్య' అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లో 'ద మ్యాన్ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై అంకుల్' అని రాసింది. నేను ఎర్ర సిరాతో 'మ్యాన్'కూ 'కేమ్'కూ మధ్య గుర్తు పెట్టి 'హూ' ఏదని అడిగాను. అది లోపలికి వెళ్లి మీ పేజీ కత్తిరింపు తెచ్చి, మూడో సూత్రం మీద వేలు పెట్టి, "వదిలేయవచ్చని పేపర్లోనే రాశారు కదా అమ్మమ్మా" అంది. సూత్రాన్ని ఉన్నది ఉన్నట్టు పాటించిన పిల్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. సూత్రం ఎక్కడ ఆగిపోయిందో చెప్పాలంటే తెలుగు దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

తెలుగులో 'వచ్చాడు' అన్న మాటకూ 'వచ్చిన' అన్న మాటకూ రూపంలోనే తేడా ఉంది. 'వచ్చాడు' అని వినగానే వాక్యం ముగిసిందని తెలుస్తుంది. 'వచ్చిన' అని వినగానే, ఎవరో ఏదో దాని వెనక రావాల్సి ఉందని చెవి ఎదురుచూస్తుంది. మన వ్యాకరణాల్లో ధాతుజ విశేషణమనీ క్రియాజన్య విశేషణమనీ చెప్పుకునే ఈ రూపమే రిలేటివ్ క్లాజ్ చేయవలసిన పనంతా ఒంటిచేత్తో చేసిపెడుతుంది కనుక, 'హూ' లాంటి ప్రత్యేక పదం అవసరం మనకు మామూలుగా కలగదు. ఇంగ్లిష్ క్రియకు ఆ వెసులుబాటు లేదు. 'కేమ్' అన్నది ప్రధాన వాక్యంలోనూ అదే, ఉపవాక్యంలోనూ అదే. అందుకే 'ద మ్యాన్ కేమ్ యెస్టర్‌డే' వరకు విన్న ఇంగ్లిష్ శ్రోత 'ఆయన నిన్న వచ్చాడు' అని మనసులో వాక్యాన్ని ముగించేసుకుంటాడు. ఆ తర్వాత 'ఈజ్' వినబడేసరికి తొట్రుపడి, వెనక్కి వెళ్లి మళ్లీ కట్టుకోవలసి వస్తుంది. 'వచ్చిన'లో 'ఇన' చేసే పనిని అక్కడ 'హూ' చేస్తోంది. దాన్ని తీసేయడమంటే తెలుగులో 'నిన్న వచ్చాడు ఆయన మా మామయ్య' అన్నట్టే.

అదే 'మీరు నిన్న కలిసినాయన మా మామయ్య' అన్న వాక్యాన్ని తీసుకోండి. 'ద మ్యాన్ యు మెట్ యెస్టర్‌డే ఈజ్ మై అంకుల్' అంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. 'ద మ్యాన్' అన్న వెంటనే 'యు' వినబడింది. ఒక మనిషి ప్రస్తావన ముగియకముందే మరో కర్త వచ్చి నిలబడితే, కొత్త ఉపవాక్యం మొదలైందని శ్రోతకు చెప్పడానికి అదే చాలు, వేరే జెండా ఊపనక్కరలేదు. కాబట్టి పిల్లలకు చెప్పవలసిన సూత్రం 'వదిలేయవచ్చు' అన్నది కాదు. 'హూ'ను తీసేసి చూసినప్పుడు మనిషి పక్కన నేరుగా క్రియ వచ్చి తగిలితే దాన్ని తీయకూడదు, మరో కర్త వచ్చి నిలబడితే తీసేయవచ్చు అన్నది సూత్రం. మాటల్లో, రెండో సందర్భంలో తీసేయడమే ఎక్కువ. 'ద మ్యాన్ హూమ్ యు మెట్' అని తీరిగ్గా పలికేవారిని ఇంగ్లిష్ దేశాల్లోనూ వెతుక్కోవలసిందే.

ఇక్కడ రెండు చిన్న మినహాయింపులు చెప్పి ముందుకు వెళతాను. 'ద గర్ల్ సిట్టింగ్ బై ద విండో' అన్నప్పుడు మనిషి పక్కన క్రియే వచ్చినా తప్పు లేదు. 'సిట్టింగ్' అన్న రూపం మన 'కూర్చున్న' లాంటిది, వాక్యాన్ని ముగించలేదు. అలాగే 'దేర్స్ ఎ మ్యాన్ వాంట్స్ టు సీ యు' అని, 'దేర్స్' తర్వాత 'హూ' లేకుండా కొందరు మాట్లాడతారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి.

తెలుగు రూపం ఎంత పొదుపైనదో అంత గడుసుది కూడా. 'పిలిచినవాళ్లు' అంటే మనల్ని పిలిచినవాళ్లా, మనం పిలిచినవాళ్లా? రెండూ అవుతుంది. సందర్భం చూసి మనం సర్దుకుంటాం, అసలు అక్కడ రెండర్థాలున్నాయని కూడా గమనించం. ఇంగ్లిష్ ఆ సర్దుబాటుకు ఒప్పుకోదు. 'ద పీపుల్ హూ ఇన్వైటెడ్ అజ్' అంటే పిలుపు వాళ్లది, 'ద పీపుల్ వి ఇన్వైటెడ్' అంటే పిలుపు మనది. వాక్యం మొదలుపెట్టకముందే ఎవరు ఎవరిని అన్నది తేల్చుకోవాలి. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసే పిల్లలు తడబడేది చాలాసార్లు ఇక్కడే. 'హూ'నా 'దట్'ఆ అన్న సందేహం ఆ తర్వాతి మాట.

ఇంతకంటే లోతైన గొయ్యి మరొకటి ఉంది. మీ పాఠం దాన్ని ముట్టుకోనే లేదు. 'ఆయనతో మాట్లాడాను' అన్న వాక్యంలో 'తో' ఉంది. దాన్నే 'నేను మాట్లాడినాయన' అని మార్చేసరికి ఆ 'తో' కనబడదు. 'ఆయన దగ్గర ఇల్లు కొన్నాను' అన్నది 'నేను ఇల్లు కొన్నాయన' అయ్యేసరికి 'దగ్గర' పోతుంది. 'స్నేహితుడికి అప్పిచ్చాను' అన్నది 'నేను అప్పిచ్చిన స్నేహితుడు' అయ్యేసరికి 'కి' పోతుంది. విభక్తి ప్రత్యయాన్ని ఇలా మింగేయడం తెలుగుకు సహజం, అందులో లోపమేమీ లేదు. ఇంగ్లిష్ మాత్రం మనిషి పేరును ముందుకు లాగేసినా, ప్రిపోజిషన్‌ను దాని పాత చోటులోనే వదిలేస్తుంది. 'ద మ్యాన్ ఐ స్పోక్ టు', 'ద మ్యాన్ వి బాట్ ద హౌస్ ఫ్రమ్', 'ద ఫ్రెండ్ ఐ లెంట్ మనీ టు'. చివర ఒంటరిగా వేలాడుతున్న ఆ 'టు', 'ఫ్రమ్'లు తెలుగు చెవికి ఎందుకో ఉన్నట్టు అనిపిస్తాయి. అందుకే 'ద మ్యాన్ ఐ స్పోక్ ఈజ్ హియర్' అని రాసిన జవాబు పత్రాలు నా ఉద్యోగ కాలంలో లెక్కలేనన్ని దిద్దాను.

'నేను నీకు చెప్పినాయన ఈయనే' అన్న మామూలు మాటను చూడండి. మనం ఆయన గురించి చెప్పాం, ఆయనకు చెప్పలేదు. ఆ 'గురించి' తెలుగులో ఎక్కడా లేదు, అయినా ఎవరూ పొరబడరు. దాన్ని 'దిస్ ఈజ్ ద మ్యాన్ ఐ టోల్డ్ యు' అని ఆపేస్తే ఇంగ్లిష్ శ్రోత ఇంకా ఏదో రావాలని ఎదురుచూస్తూనే ఉంటాడు. 'దిస్ ఈజ్ ద మ్యాన్ ఐ టోల్డ్ యు అబౌట్' అన్నప్పుడు గాని వాక్యం కుదుటపడదు. 'యు', 'అబౌట్' రెండూ లేకుండా 'ద మ్యాన్ ఐ టోల్డ్' అంటే అర్థమే మారిపోయి, నేను ఆయనకే చెప్పానని తేలుతుంది. 

దీనికి నేను తరగతిలో వాడిన పద్ధతి చాలా మోటుది, కానీ పనిచేసింది. ముందు మామూలు వాక్యం పూర్తిగా రాయించేదాన్ని: 'ఐ టోల్డ్ యు అబౌట్ హిమ్'. తర్వాత 'హిమ్' ఒక్కదాన్నే కొట్టేయమనేదాన్ని, మరే అక్షరాన్నీ ముట్టుకోవద్దనేదాన్ని. మిగిలినదాన్ని ఎత్తి 'ద మ్యాన్' పక్కన పెడితే రిలేటివ్ క్లాజ్ తయారు. ఈ ఒక్క పనిలో రెండు తప్పులు తప్పుతాయి. 'అబౌట్' పోదు, 'హిమ్' మిగిలిపోదు. 'ద మ్యాన్ ఐ టోల్డ్ యు అబౌట్ హిమ్' అని, కొట్టేయవలసిన సర్వనామాన్ని ఉంచేసి రాసే పిల్లలూ తక్కువేమీ కాదు. మాతృభాషగా ఇంగ్లిష్ మాట్లాడేవారు సైతం వాక్యం మరీ చిక్కుపడినప్పుడు 'ఎ గై హూ ఐ డోంట్ నో వాట్ హిజ్ నేమ్ ఈజ్' అంటూ ఆ సర్వనామాన్ని దించలేక మోసుకుపోతారు. మాటల్లో అది చెల్లుతుంది, రాతలో చెల్లదు.

వాక్యాన్ని ప్రిపోజిషన్‌తో ముగించకూడదని మన పాఠశాలల్లో ఇంకా చెబుతుంటారు. ఈ అభ్యంతరాన్ని 1672లో ఆంగ్ల కవి జాన్ డ్రైడెన్ లేవనెత్తాడు, తర్వాతివారు దాన్ని పట్టుకున్నారు. 1762లో ఇంగ్లిష్ వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్, ప్రిపోజిషన్‌ను ముందు పెట్టడమే సొగసైనదని చెబుతూనే, చివర పెట్టడం సంభాషణలో నిత్యం ఉన్నదేనని, తమ భాషకు ఆ మొగ్గు గట్టిగా ఉందని ఒప్పుకున్నాడు. తమాషా ఏమిటంటే, ఆ మొగ్గు గురించి చెప్పిన ఆయన రిలేటివ్ క్లాజ్ కూడా 'టు'తోనే ముగిసింది. ఆయన కావాలని రాశాడో, కలం జారిందో గాని, నాకు ఆ వాక్యమంటే ఇష్టం. 'టు హూమ్ ఐ స్పోక్' అన్నది దరఖాస్తుల్లో, నివేదికల్లో చక్కగా ఒదుగుతుంది. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు అలా అంటే, పెరట్లోకి వెళ్లడానికి పట్టుచీర కట్టుకున్నట్టుంటుంది.

ఇప్పుడు మీ మొదటి సూత్రం సంగతి. మనుషులకు 'దట్' వాడితే వారిని వస్తువుల కింద జమకట్టినట్టేనని మీ పాఠం రాసినవారు అన్నారు. 'దట్' చరిత్ర తెలిస్తే ఆ మాట అనలేరు. మనుషుల గురించి చెప్పే రిలేటివ్ క్లాజ్‌లలో 'దట్' పాతకాపు, 'హూ' వలస వచ్చింది. 'హూ' మొదట 'ఎవరు?' అని అడిగే ప్రశ్నాపదమే. 'హూమ్', 'హూజ్' దానికంటే ముందే ఈ కొలువులో చేరాయి. 'హూ' మాత్రం 15, 16 శతాబ్దాల్లో గాని ఈ పనిలో కుదురుకోలేదు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్‌లో 'హీ దట్' అంటూ మనుషుల గురించి మొదలయ్యే వాక్యాలు కోకొల్లలు. అంతెందుకు, మనం 'పరలోకమందున్న మా తండ్రీ' అని చదివే ప్రార్థన ఆ అనువాదంలో 'అవర్ ఫాదర్ విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్' అని ఉంటుంది. సాక్షాత్తు దేవుడికే 'విచ్' వాడినవారు ఆయన్ను వస్తువుగా భావించారని ఎవరూ అనలేరు కదా. ఆ నాటికి మనుషులకూ వస్తువులకూ మధ్య ఈ గోడ ఇంకా లేవలేదు. 'విచ్' విషయంలో తర్వాత లేచింది, ఈ రోజు మనిషికి 'విచ్' వాడటం నిస్సందేహంగా తప్పే. 'దట్' విషయంలో ఆ గోడ ఎన్నడూ పూర్తిగా లేవలేదు.

ఈ తగాదా ఇప్పటిది కూడా కాదు. 1711 మే 30న లండన్‌లో వెలువడే 'స్పెక్టేటర్' అనే దినపత్రికలో, 'హూ', 'విచ్'లు తామే స్వయంగా రాసుకున్నట్టుగా ఒక విన్నపం అచ్చయింది. తాము అసలు హక్కుదారులమనీ, 'దట్' వచ్చి తమ చోటు ఆక్రమించుకుందనీ వాటి గోడు. దాన్ని రాసింది ఆ పత్రిక నడిపినవారిలో ఒకరైన రిచర్డ్ స్టీల్. రెండు రోజులకే, జూన్ 1న, అవమానపడిన 'దట్' ఇచ్చిన జవాబు కూడా అదే పత్రికలో వచ్చింది. హాస్యం బాగుంది గాని చరిత్ర తలకిందులైంది, ఆక్రమణ అంటూ జరిగితే అది చేసింది 'హూ'. సంపాదకుడికి ఉత్తరం రూపంలో రిలేటివ్ ప్రొనౌన్ల మీద పోట్లాడిన మొదటిదాన్ని నేను కాదని చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకదు.

అయితే వాడుకలో తేడా లేదని నేను అనడం లేదు. మనిషి కర్తగా ఉన్నచోట జాగ్రత్తగా రాసేవారు 'హూ' వైపే మొగ్గుతారు, 'ద డాక్టర్ హూ ట్రీటెడ్ హర్' అన్నట్టు. మాట్లాడేటప్పుడు 'ద డాక్టర్ దట్ ట్రీటెడ్ హర్' కూడా ధారాళంగా వినబడుతుంది. 'ఎవ్రీవన్', 'ఎనీవన్' వంటివాటి తర్వాత, 'ద ఓన్లీ పర్సన్' వంటి మాటల తర్వాత 'దట్' చెవికి మరింత ఒదుగుతుంది. పిల్లలను 'హూ' రాయమని ప్రోత్సహించండి, అది ఎక్కడా తప్పు కాదు. 'దట్' రాసిన జవాబును కొట్టేయడం మాత్రం అన్యాయం. మీ అభ్యాసంలో నాలుగో ఖాళీకి సరిగ్గా అదే జరిగింది.

ఒక్కచోట మాత్రం 'దట్' నిజంగానే పనికిరాదు, మీ పాఠం ఆ చోటును వదిలేసింది. 'మై బ్రదర్ హూ లివ్స్ అబ్రాడ్' అని కామా లేకుండా రాస్తే నాకు తమ్ముళ్లు ఒకరికంటే ఎక్కువ ఉన్నారని, వారిలో విదేశంలో ఉన్నవాడి సంగతి చెబుతున్నానని అర్థం. 'మై బ్రదర్' తర్వాత, 'అబ్రాడ్' తర్వాత కామాలు పెడితే, ఉన్నది ఒక్కడే తమ్ముడు, వాడు విదేశంలో ఉన్నాడన్నది అదనపు సమాచారం. 'విదేశంలో ఉన్న మా తమ్ముడు' అన్న తెలుగు మాట నా తోబుట్టువుల లెక్క బయటపెట్టదు, ఆ రెండు కామాలు బయటపెడతాయి. ఆ కామాల మధ్య 'దట్' రాకూడదు, 'హూ'ను తీసేయనూ కూడదు. మాటల్లో ఈ రకం అరుదు. చాలామంది 'మై బ్రదర్ లివ్స్ అబ్రాడ్ అండ్' అంటూ రెండు ముక్కలుగా చెప్పేసి ఊరుకుంటారు.

'హూజ్' గురించి ఒక్క మాట. 'హూజ్' అన్న స్వాధీన పదమూ, 'హూ ఈజ్' కుదించిన రూపమూ పలకడంలో ఒక్కటే, రాయడంలో వేరు. ఇంగ్లిష్ వారే దీన్ని రోజూ తప్పు రాస్తారు కాబట్టి మన పిల్లలను మరీ కోప్పడవద్దు.

చివరికి 'హూమ్'. 1921లో భాషాశాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపీర్, ఇంకో రెండు వందల ఏళ్లలో ఎంతటి న్యాయకోవిదుడూ 'హూమ్ డిడ్ యు సీ' అని అడగడని జోస్యం చెప్పాడు. ఆ గడువులో సగం 2021 నాటికే గడిచింది. మాటల్లో ఆ జోస్యం ఇప్పటికే చాలావరకు నిజమైంది, రాతలో 'హూమ్' ఇంకా గౌరవంగానే బతుకుతోంది. ప్రిపోజిషన్ దానికి ముందే వచ్చినప్పుడు, ముఖ్యంగా 'మెనీ ఆఫ్ హూమ్' వంటిచోట, మరో పదానికి చోటే లేదు. నాకు 'హూమ్' మీద ద్వేషం లేదు. దాన్ని చూసి భయపడి, అక్కర్లేనిచోట అంటించడం మీదే నా ఫిర్యాదు.

మీ అభ్యాసంలో ఏడో వాక్యమే అందుకు ఉదాహరణ. 'ద టీచర్' తర్వాత ఖాళీ, ఆ తర్వాత 'ఐ థాట్ వాజ్ స్ట్రిక్ట్ టర్న్‌డ్ అవుట్ టు బి కైండ్'. అంటే, కఠినంగా ఉంటారని నేను అనుకున్న టీచర్ దయగలవారని తేలింది. పక్కనే 'ఐ' కనబడగానే టీచర్‌ను కర్మ అనుకొని జవాబుల పట్టికలో 'హూమ్' అని ఇచ్చారు. మామూలు వాక్యం రాసి చూడండి: 'ఐ థాట్ షీ వాజ్ స్ట్రిక్ట్'. కొట్టేయవలసింది 'షీ'ని, 'హర్'ను కాదు. 'వాజ్'కు కర్త ఆ టీచరే. కాబట్టి మీ సూత్రాల ప్రకారమే చూసినా అక్కడ 'హూ' రావాలి. 1611 బైబిల్ అనువాదకులు కూడా 'హూమ్ సే యి దట్ ఐ యామ్' అని ఇదే మలుపులో ఇలాగే రాశారు కనుక మీ రచయితకు గొప్ప తోడే దొరికింది. కానీ పరీక్షలో ఆ తోడు అక్కరకు రాదు. ఆ ఖాళీని ఖాళీగానే వదిలేసినా వాక్యం చక్కగా నిలబడుతుంది, ఎందుకంటే టీచర్ పక్కన ఉన్నది క్రియ కాదు, 'ఐ'.

వచ్చే వారం పాఠంలో నాలుగో జవాబుకు 'హూ'తో పాటు 'దట్' కూడా సరైనదేనని, ఏడో జవాబు 'హూ' అని, మూడో సూత్రం మనిషి పక్కన క్రియ లేనప్పుడే వర్తిస్తుందని సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. మా మనవరాలు ఆ కత్తిరింపును తన నోట్‌బుక్‌లో అంటించి, కింద సవరణకు చోటు వదిలిపెట్టింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లిష్ అధ్యాపకురాలు